అంబారీ ఏనుగు రెండో కన్ను

అక్కా,

ఇవాళ నువ్వు పోయిన తిథి. పొద్దున్న నీకు ఇష్టమైన గారెలు వండి విస్తట్లో పెట్టాం. ఆ తరవాత జరిగింది నీకు చెప్పకపోతే నాకు తోచేలా లేదు.

మొన్న ఎండాకాలంలో నీ కూతురు సునీత చెయ్యి వణకడం మొదలైంది. గుండె దడ, ఫ్యాను కిందా చెమటలు, ఎంత తిన్నా చిక్కిపోవడం. అచ్చం నీలాగే. అప్పట్లో నీకు వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం, దిష్టి తీశాం. గుండె ఆగిపోయినప్పుడు కూడా వడదెబ్బే అనుకున్నాం. ఈసారి సబ్జాల జోలికి పోకుండా దాన్ని కొండపల్లిలో బస్సెక్కించి బెజవాడ తీసుకెళ్ళాను.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, "థైరాయిడ్ మోతాదుకి మించి పనిచేస్తోందమ్మా. మాత్రలున్నాయి, రేడియో అయోడిన్ మందుంది, ఆపరేషనుంది. చంటిబిడ్డకి పాలిస్తున్నావు కాబట్టి అయోడిన్ ఇప్పుడొద్దు. మాత్రలతో మొదలుపెడదాం," అంది.

ఇన్ని దారులున్నాయా అక్కా! బస్టాండులో కూర్చుంటే నాకు లేవబుద్ధి కాలేదు.

మాత్రలు పనిచేస్తున్నాయి. ఇవాళ సునీత బిడ్డను పడుకోబెట్టి, అటక మీంచి నీ అంబారీ ఏనుగు బొమ్మను దించింది. ఎడమ కన్ను వేస్తుండగా చెయ్యి వణికిందని నువ్వు పక్కన పెట్టేసిన బొమ్మ. దానికి కుడి కన్ను వేసింది. గీత ఎక్కడా చెదరలేదు.

"ఆ ఎడమ కన్ను వంకరగా ఉంది, అదీ దిద్దవే," అన్నాను.

కుంచె కడుక్కుంటూ, "ఉండనీ పిన్నీ. అది అమ్మ వేసింది," అంది.