కప్పు లేని గది, బండెడు కాయలు

చాట్రాయి,
20-4-1949

మహారాజశ్రీ బావగారు బసవపున్నారావుగారికి మీ వియ్యంకుడు కొండయ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. జి. కొండూరులో మీరూ, చెల్లెమ్మగారూ, పురిటికొచ్చిన మా కోడలు తులసమ్మా, నా మనవడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పిల్లాడికి మూడో నెల నిండింది. తల్లినీ బిడ్డనీ తీసుకెళ్ళమని మీ దగ్గర్నుంచి కబురు రాలేదు. మా ఇల్లు ఇరుకన్న మాట నిజమే. అందుకే పెరటివైపు ఒక గది లేపాను. గోడలు నిలబడ్డాయి గానీ పైన పెంకుకి డబ్బు చాలలేదు. ఏటా మామిడితోటని పూత మీదే వర్తకుడికి అమ్మేసేవాణ్ణి. ఈసారి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని కాయ నేనే కోయించి, గడ్డిలో మాగవేశాను. పండు అమ్మగానే పెంకు వేయిస్తాను.

ఈలోగా ఇంట్లో ఉన్న మూడు గదుల్లోనూ కాయలు పడుకున్నాయి. మనుషులం వాకిట్లో పడుకుంటున్నాం.

చిత్తగించవలెను,
కొండయ్య

తా.క.: పేరు పెట్టిన రోజున ఒక్క పూట చూశాను వాణ్ణి. ముక్కు మా వైపుదే. చెల్లెమ్మగారు ఒప్పుకోలేదని విన్నాను. ఆవిడ ఒప్పుకోకపోయినా ముక్కు మారదు.


జి. కొండూరు,
25-4-1949

శ్రీయుత బావగారికి, బసవపున్నారావు నమస్కారాలు. మీ ఉత్తరం చూసి సంతోషం.

పంపడానికి నాకేం అభ్యంతరం లేదండీ. పసివాణ్ణి ఎక్కడ పడుకోబెడతారు, రసాల మధ్యనా? కప్పు పడ్డ మర్నాడే పంపుతాను. తులసమ్మ మాట కూడా ఇదే.

మా పాలేరు గంగరాజు చేత బండెడు బంగినపల్లి కాయ పంపుతున్నాను. మీ ఇంటి అవసరానికి ఎలా వాడుకున్నా సరే.

ఇట్లు,
బసవపున్నారావు

తా.క.: ‘ఎలా వాడుకున్నా సరే’ అన్న ముక్క ఇంకోసారి చదవండి.


చాట్రాయి,
1-5-1949

బావగారికి కొండయ్య నమస్కారాలు. అందరం క్షేమం. మర్యాదకే కొంచెం దెబ్బ తగిలింది.

మీరు చదవమన్న ముక్క ఇంకోసారి చదివాను. చాలక మా ఇంటావిడ, మీ చెల్లెలు పున్నమ్మ చేత కూడా చదివించాను. కొండయ్య తోటలో కాయ లేదు, పాపం తింటారని పంపినట్టు ఇద్దరికీ అర్థమైంది. నూజివీడు చుట్టుపక్కల మామిడికాయకి మొహంవాచిన వాళ్ళం మేమేనా అండీ?

మీ కాయ చాలా బాగుంది, కాదనను. ఊళ్ళో ఇంటింటికీ బుట్టెడు చొప్పున పంచేశాం. వియ్యంకుడు పంపిన కాయ అమ్ముకున్నాడని నన్నెవరూ అనకూడదు. వచ్చిన బండిని వట్టిగా తిప్పి పంపే అలవాటు మా ఇంట్లో లేదు. కాబట్టి నా చిన్నరసాల్లో మేలైనవి ఏరి, గంగరాజు వద్దు వద్దంటున్నా బండికెత్తించాను.

ఇట్లు,
కొండయ్య

తా.క.: కప్పు ఎప్పుడు పడుతుందని అడక్కండి. అది ప్రస్తుతం గంగరాజు బండిలో మీ ఊరు వస్తోంది.


జి. కొండూరు,
6-5-1949

బావగారూ, నమస్కారం.

ఎంత పని చేశారండీ! డబ్బు పంపితే మీరు పుచ్చుకోరని కాయలు పంపాను. అమ్మి పెంకు కొనుక్కోండి అని తిన్నగా రాయడానికి మొహమాటపడ్డాను. మీరేమో వాటిని ఊరికి పంచి, మీ పెంకు డబ్బుని నా ఇంట్లో పోశారు.

తులసమ్మ గదిలో తప్ప ఎక్కడా చోటు లేక మీ రసాలు అందులో పోయించాను. పండు వాసనకి చీమలొచ్చాయి. పిల్లాడి ఉయ్యాల తీసి వసారాలో కట్టాం. పోనీ మీ కాయ నేను అమ్మి డబ్బు పంపుదామంటే, వియ్యంకుడి కాయ అమ్ముకున్నాడన్న మాట నాకు మాత్రం అందమా? అందుకని సోమవారం మీ కాయ మీకే పంపుతున్నాను. ఊరికే తిప్పి పంపితే బాగుండదని పైన నావి కూడా వేయిస్తున్నాను. ఈసారి తిన్నగానే రాస్తున్నాను. అమ్మండి!

ఇట్లు,
బసవపున్నారావు

తా.క.: ఈ సంవత్సరం పేరు విరోధి అని పంచాంగంలో ఉంది. మనం దాన్ని అంత శ్రద్ధగా పాటించనక్కర్లేదు.


చాట్రాయి,
8-5-1949

బసవపున్నారావుగారికి,

పెట్టినది తిప్పి పంపడం మీ వైపు మర్యాదేమో. మా వైపు కాదు. సోమవారం మీ అల్లుడు ప్రభాకరరావు మా బండి కట్టుకుని నూజివీడు దాకా ఎదురొస్తాడు. మీ బండిని అక్కణ్ణుంచే వెనక్కి మళ్ళించమని చెప్పాను. మా బండిలో కూడా కాయే వస్తోంది. గదుల్లో ఉన్నదంతా ఊడ్చి ఎత్తించాను. రెండు బండ్లూ మీ వాకిట్లో దిగుతాయి.

కప్పు సంగతి వచ్చే ఏడు చూసుకుంటాను. మనవణ్ణి చూడకపోతే చూడకపోయాను. మాట ముఖ్యం.

కొండయ్య

తా.క.: ‘చూడకపోతే చూడకపోయాను’ అని కోపంలో రాశాను. కొట్టేసి మళ్ళీ రాద్దామంటే పోస్టుమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. వాడు బోర్లా పడుతున్నాడా?


జి. కొండూరు,
11-5-1949

బావగారికి బసవపున్నారావు అనేక నమస్కారాలు.

మీ బండి ఇక్కడికి రాలేదు. నా బండీ తిరిగి రాలేదు. సోమవారం తెల్లవారి గంగరాజు ఎద్దులు కడుతుంటే, తులసమ్మ పిల్లాణ్ణెత్తుకుని వచ్చి కాయల మీద గడ్డి సర్దుకుని కూచుంది. ఏంటమ్మా ఇది, కప్పు పడలేదు గదా అన్నాను.

“కప్పు పడేదాకా వెళ్ళనని నేనెప్పుడన్నాను నాన్నా? మనవణ్ణి వదల్లేక నువ్వే నా పేరు పెట్టి రాశావు. మీ వియ్యంకుల మర్యాదలు పూర్తయ్యేసరికి వీడికి పెళ్ళీడొస్తుంది” అంది. గంగరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వాడనే నా అనుమానం.

ఇప్పుడే అల్లుడి కార్డు అందింది. నూజివీడులో మొగుడూ పెళ్ళాం కలిసి రెండు బండ్ల కాయా ఒకే రాశిగా పోయించారట. ఏది మీదో, ఏది నాదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి వియ్యంకుడి కాయ అమ్ముకున్న అపకీర్తి మనిద్దరికీ లేదు. ఎవరివో కాయలు లారీ వర్తకుడు కొన్నాడు. ఆ డబ్బుతో బంగాళా పెంకూ, వాసాలూ కొని, రెండు బండ్లకీ ఎత్తి చాట్రాయి దారి పట్టారు. ఈపాటికి పిల్లాడు మీ వొళ్ళో ఉండుంటాడు. వాడు బోర్లా పడుతున్నాడో లేదో మీరే చూసుకోండి.

ఇక్కడ తులసమ్మ గది కడిగించాం. ఇల్లంతా ఖాళీ. నాకు దిగులుగా ఉంది బావగారూ. మీ చెల్లెమ్మ మొన్నట్నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. వాడి ఏడుపు వినపడక ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఇట్లు,
బసవపున్నారావు

తా.క.: గురువారం మేమిద్దరం బయల్దేరి వస్తున్నాం. ఒక్క కాయ కూడా తేవడం లేదు. గదికి కప్పు పడకపోయినా ఫర్వాలేదండీ, మాకు మంచం ఆరుబయటే వేయించండి. పిల్లాడి పక్కన వేస్తే చాలు.