మీ అక్క పలికిన పేరు

వంశీకి,

నీ స్నేహితుడు మాట్లాడిపెట్టిన ఇంటర్వ్యూకి నిన్న జెబెల్ అలీ రేవులోని ఆఫీసుకి వెళ్లాను. పొగమంచులో రేవు క్రేన్లు గాలిలో తేలుతున్నట్టున్నాయి. మీ అక్క పక్కనే ఉన్నట్టు నెమ్మదిగా నడిచాను.

పని గురించి అడిగి తృప్తి పడ్డారు. చివర మేనేజరు, "ఇండియన్ పేరు వింటే కస్టమర్లు ఫోన్ పెట్టేస్తారు భయ్యా. ఇక్కడ నువ్వు హెన్రీ. వాళ్లు ఆఫీసుకొస్తే మాత్రం లోపల గదిలో కూర్చో, నీ మొహం కనపడకూడదు. యల్లా, త్వరగా సంతకం పెట్టు" అన్నాడు.

ఈ ఉద్యోగం రాకపోతే వీసా పోతుంది, మీ అక్క తిరిగిన ఇల్లు ఖాళీ చేయాలి. తెలుసు.

తను నన్నెప్పుడూ "ఏమండీ" అనే పిలిచింది. పెళ్లినాడు గుమ్మంలో మీరంతా అడ్డం నిలబడి ఏడిపించినా నా పేరు చెప్పలేదు. ఆసుపత్రిలో ఆఖరి రోజు నర్సు భర్త పేరడిగితే, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, ఇంటిపేరుతో సహా చెప్పింది.

"నా పేరుతోనే చేస్తాను" అన్నాను. "అయితే ఖలాస్" అని కాగితాలు వెనక్కి తీసుకున్నాడు.

నీ స్నేహితుడికి నువ్వే సర్దిచెప్పు.

బయట మంచు ఇంకా విడలేదు. గేటు దగ్గర గార్డు నా గుర్తింపు కార్డు తిరిగిస్తూ పేరు గట్టిగా పిలిచాడు. పిలిచింది అతనేనని తెలిసీ, కాసేపు మంచులోకి చూస్తూ నిలబడ్డాను.

మీ బావ