కుడి పేజీల విషయమై రోలండ్ మిషో రాసుకున్న వీలునామా

మేన్ రాష్ట్రంలో సెయింట్ జాన్ నది ఒడ్డున కాగితపు మిల్లులో రెండో యంత్రం నడుపుతున్న రోలండ్ మిషో అనే నేను, వయస్సు నలభై ఎనిమిది, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న పత్రమిది. రాత్రిబడిలో చదివి నలభై నాలుగో ఏట పట్టా పుచ్చుకున్నవాణ్ణి గనుక లాయరు అవసరపడలేదు. ఎల్లుండి మంగళవారం బాంగర్ ఆసుపత్రిలో నా గుండె కవాటం మారుస్తారు. నేను తిరిగి రానిపక్షంలో ఇది అమలు కావాలి.

1. ఇల్లు, నదివైపు స్థలం, మిల్లు పింఛను నా భార్య క్లోడెట్‌కు చెందును. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతా ఆమెదే.

2. మంచు తోసే యంత్రం తమ్ముడు జెరార్డ్‌కు. నేను బడిలో చేరిననాడు మిల్లు గేటు దగ్గర పదిమందిలో, "ఈ వయసులో పలకా బలపమా అన్నయ్యా? జడలు వదిన వేస్తుందా?" అన్నాడు. యంత్రం పట్టుకెళ్లవచ్చు. గోడకున్న పట్టాను ముట్టుకోరాదు.

3. నా నీటిరంగులు, మిగిలిన నూలు కాగితం గ్రంథాలయంలో జరిగే శనివారం చిత్రలేఖనం తరగతికి. చెక్కగుజ్జు కాగితం తడికి ఉబ్బుతుందని అక్కడ మొదట చెప్పినవాణ్ణి నేను. నార్మండ్ సీర్ చెప్పాడని అందరూ అనుకుంటున్నారు. రికార్డు కోసం రాస్తున్నాను.

4. నా మూడు చిత్రాల పుస్తకాలు. మా పంతులమ్మ నియమం ఇది: కంటికి కనబడినది ఎడమ పేజీలో రంగులతో, మనసు కల్పించినది కుడి పేజీలో మాటలతో. నార్మండ్ పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు, భార్య లేనివాడు, తరగతిలో క్లోడెట్ పక్కన కూర్చుంటాడు. కిందటేటి చలికాలం పదకొండు శనివారాలు బయట ట్రక్కులో కూర్చుని కాపలా కాశాను. ఏప్రిల్‌లో నేనే తరగతిలో చేరాను, కళ మీద ప్రేమతో కాదు. ఎడమ పేజీలో బేరిపండు వేసేవాణ్ణి. కుడి పేజీలో, "అతనేదో అన్నాడు. ఆమె నవ్వింది. నాతో అలా నవ్వి ఎన్నాళ్లయింది?" అని రాసేవాణ్ణి.

నవంబరులో పంతులమ్మ కొందరిని కుర్చీలు మార్చుకోమంది. నాకు నార్మండ్ కుర్చీ వచ్చింది. అక్కడినుంచి క్లోడెట్ మోచెయ్యి తప్ప కనబడదు. ఎదురుగా కిటికీ, కిటికీలో నా ట్రక్కు నిలిచే చోటు. బల్లమీద అతను వదిలేసిన పుస్తకం తిరగేశాను. పదకొండు ఎడమ పేజీల్లో నా ట్రక్కు, పొగ, నా టోపీ. ఒక కుడి పేజీలో: "కాఫీ పంపుదామా అన్నాను. వద్దు, పరువు పోయిందంటాడు అంది క్లోడెట్."

ఇంటికెళ్లే దారిలో ఆమె అడిగింది: "అన్ని వారాలు చలిలో కూర్చున్నావు కదా, ఏం చూశావు మరి?"

అప్పటినుంచి నా కుడి పేజీలు పొట్టివయ్యాయి. ఖాళీ అయ్యాయని చెప్పను. ఇది చట్టబద్ధమైన పత్రం. ఆమె చదవకూడదని వాటిని కోసేయబోయాను. కానీ ప్రతి కుడి పేజీ వెనుకా తర్వాతి వారం బొమ్మ ఉంది. ఒకటి పోతే రెండోదీ పోతుంది. కనుక మూడు పుస్తకాలూ యథాతథంగా క్లోడెట్‌కే. చదువుకోవచ్చు.

5. గ్రంథాలయపు కుర్చీలపై నాకు హక్కు లేదు. అయినా నా మరణానంతరం ఒక సంవత్సరం నార్మండ్ ఆమెకు ఒక కుర్చీ వదిలి కూర్చోవలెనని కోరుతున్నాను.

6. నా ఉడుత వెంట్రుకల కుంచె నార్మండ్ సీర్‌కు. అతని కుంచె కన్నా ఇది మంచిది.

పై ఆరో అంశం గురించి: సాక్షిగా రావలసిన పక్కింటాయన మంచులో చిక్కుకున్నాడు. క్లోడెట్ ఊళ్లో ఎవరినైనా పిలవవచ్చు, నార్మండ్‌నే పిలిచింది. చదవకుండా సంతకం చేయనన్నాడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. "ఒక్క కుర్చీయే కదా, రెండు వదులుతాలే. కుంచె మాత్రం కొట్టెయ్. సాక్షికి వాటా ఉండకూడదు. బతికొచ్చి నీ చేత్తో ఇద్దువుగాని, పిసినారీ."

చట్టప్రకారం అతని మాట సబబు. ఆరో అంశం కొట్టివేశాను. అతను మంచివాడని ఈ పత్రంలో ఎక్కడా రాయలేదని గమనించగలరు.

తేది: 10 మార్చి 2019

(సంతకం) రోలండ్ మిషో

సాక్షులు:
ఇర్మా ఉలెట్, చిత్రలేఖనం పంతులమ్మ
నార్మండ్ సీర్, వాటా లేనివాడు