మీ అక్క గుర్తులు పెట్టని రచన

ఆదివారం, మధ్యాహ్నం
ఇంటినుంచి

మహారాజశ్రీ మా బావమరిదిగారికి,

మీ బావ సకల మర్యాదలతో రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని నువ్వు పనిచేసే వాయిద్యాల కొట్టు యజమాని చెప్పాడు. ఫోనెత్తని వాడి క్షేమం ఇలా అడ్డదారిలో కనుక్కోవాల్సి వస్తోంది. ఫోనంటే మోగి మోగి ఊరుకుంటుంది గానీ, కవరు మీద నా కోడిగీతలు చూశాక విప్పకుండా ఉండలేవని ఈ పని పెట్టుకున్నాను.

మీ అక్క కొత్త సంగీత రచన పూర్తిచేసింది. నేను నిలువు ఫిడేలు అని వెక్కిరించే మీ చెల్లోకీ, దాని వెనక చిన్న బృందానికీ. ఏడాదిగా అదే లోకం. పొద్దున ముందుగదిలో శిష్యులకు పాఠాలు, మధ్యాహ్నం నుంచి భోజనాల బల్ల మీద కాగితాలు, పెన్సిలు, రబ్బరు పొట్టు. నేను ఓ మూల కంచం పెట్టుకుని తింటున్నాను. వాయిద్యం ముట్టుకోకుండా, పెదవైనా కదపకుండా, తెల్లకాగితంలో అంతమంది మోత ఈ మనిషికి ఎలా వినిపిస్తుందో ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంతుపట్టలేదు. కళ్ళద్దాలు అమ్ముకునేవాడికి ఈ గొడవంతా ఎందుకంటావేమో. తెలియదు కాబట్టే ఈ ఆరాటం.

ఈసారి నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతొకటుంది. మీ అక్క దగ్గరే నేర్చుకున్నవాడివి, ఆవిడ పద్ధతి నీకు నేను చెప్పేదేముంది. స్వరాలు రాసి ఊరుకోదు. కమాను ఎక్కడ పైకి పోవాలి, ఎక్కడ కిందికి దిగాలి, తీగని ఎంత నొక్కాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నిటికీ గుర్తులు పెడుతుంది. కళ్ళు ఎప్పుడు ఆర్పాలో కూడా రాసేస్తుందని శిష్యులు చాటుగా నవ్వుకుంటారు. అలాంటిది, ఈ రచనలో చెల్లో వరసకి ఒక్క గుర్తు లేదు. మిగతా వాయిద్యాలకి చీమలబారులా ఉన్నాయి, చెల్లోకి మాత్రం ఉత్త స్వరాలు. నా కంటికే ఆనిందంటే చూడు.

మరిచిపోయిందేమో అనుకున్నాను. మేం బుద్ధిమంతురాలని పిలుచుకునే శిష్యురాలు ఉంది కదా, ఆ పిల్లా అలాగే అనుకుంది పాపం. శుభ్రంగా ఎత్తి రాయమని కాగితాలిస్తే, టీచరుగారి పద్ధతి తనకి కంఠతా వచ్చు కదా అని చెల్లో వరస నిండా గుర్తులు తనే పెట్టి, మెచ్చుకుంటారని తెచ్చిచ్చింది. మీ అక్క రెండు పేజీలు చూసింది. రబ్బరు తీసుకుని మొదటినుంచీ చెరపడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. తప్పులు పెట్టానా అని అడిగితే, ఒక్కటీ తప్పు కాదు, నేను పెట్టినా ఇవే పెట్టేదాన్ని, అందుకే చెరుపుతున్నాను అంది.

ఇదేం జవాబో చెప్పు. నాలుగు రకాలుగా కూపీ లాగాను. ఓపిక తగ్గిందా అంటే మిగతా వాయిద్యాల పేజీలు నా మొహాన పెట్టింది. ఇదేమన్నా కొత్త ఫ్యాషనా అంటే కొట్టు తెరిచే వేళయింది వెళ్ళమంది. నేను వదిలే రకాన్ని కాదు కదా. చివరికి విసుక్కుని, వాయించేవాళ్ళ చెయ్యి ఎలా పోతే కమాను అలా పోతుంది, మధ్యలో పెత్తనం చెయ్యడానికి నేనెవరిని అంది. ఇన్నాళ్ళూ అందరి చేతుల మీదా పెత్తనం చేసిన మనిషి అలా అంటే, కొట్టు తాళాలు తీసుకుని బయటపడ్డాను.

శిష్యులు ఒకరి తరవాత ఒకరు వాయించి చూశారు. తలుపు పక్కన కుర్చీ వేసుకుని అందరినీ విన్నాను. నాకు అందరూ బాగానే వాయించినట్టుంది. ఆవిడ మాత్రం బాగుంది గానీ ఇది కాదంటుంది. ఏది అవునో చెప్పదు.

పోయినేటి సంగతి ఎత్తకూడదనుకున్నాను, ఎత్తక తప్పదు. రిహార్సల్లో నీ చెయ్యి వణికినప్పుడు, కమాను కింద పెట్టెయ్యమని అందరి ముందూ అనడం ఆవిడ తప్పు. ఆ మాట ఆరోజే మొహం మీద చెప్పాను. నువ్వు చెల్లో పెట్టెలో సర్దుకుని వెళ్ళినవాడివి మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ వణుకు పోయేది కాదని డాక్టరు చెప్పాడనీ, ఇంకొకళ్ళ వాయిద్యాలకి తీగలు మారుస్తున్నావే గానీ నీది బయటికే తియ్యడం లేదనీ విన్నాను. నాకు చాలా కష్టంగా ఉందోయ్. నువ్వు వాయించకపోవడమూ కష్టమే, మీరిద్దరూ మాట్లాడుకోకపోవడమూ కష్టమే.

వచ్చే నెల మొదటి ఆదివారం కచేరీ. చెల్లో వాయించడానికి బయటినుంచి ఓ పెద్ద విద్వాంసుడు వస్తున్నాడు. నువ్వు ఊరికే వచ్చి వెనక వరసలో కూర్చుని విను చాలు. మీ అక్కతో మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను. వెళ్ళేటప్పుడు నాతో మాత్రం పోట్లాడి వెళ్ళు, ఈ ఇంట్లో వేళాకోళానికి మనిషి లేక నోరు తుప్పు పట్టింది.

ఉంటాను మరి,
నిన్ను వదలని
మీ బావ

తా.క.: విద్వాంసుడూ లేడు, ఎవడూ లేడు. ఎలాగోలా నిన్ను హాలుదాకా రప్పిద్దామని రాశాను గానీ, కవరు అంటించబోతే మనసొప్పలేదు. మీ అక్క రాయడానికి కూర్చునే ముందు రోజూ తలుపు వేసుకుని ఏదో వింటూ వచ్చింది. నిన్న ఆవిడ బయటికెళ్ళినప్పుడు అదేమిటో పెట్టి చూశాను. పోయినేటి రిహార్సల్ రికార్డింగు. నీ చెల్లో. వణుకుతున్న కమానుతో ఓ పొడుగాటి స్వరం, ఆ వెంటనే మీ అక్క గొంతు. ఆవిడ ఎప్పుడూ తన గొంతు రాకముందే ఆపేసి, మళ్ళీ మొదటికి తిప్పుకునేదట, అడిగితే ఒప్పుకుంది. ఈ రచనంతా ఆ ఒక్క స్వరంలోంచే తీసిందట. నువ్వు వాయించకపోతే కచేరీ లేదు. చెయ్యి కుదుటపడ్డాక వస్తానంటావేమో. కుదుటపడ్డ చేతులు ఇక్కడ బోలెడున్నాయి.