మిరియపు గింజంత మైనం

విడవలూరు
14 జూన్ 1963

ప్రియమైన బావకు,

ప్రియమైన అని రాయమన్నది అక్క. నాకైతే అంత ప్రియమేమీ లేదు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కకు మోకాలి నొప్పి, నాకు నోటి దురద, రెండూ తగ్గలేదు. నువ్వు కడపలో చేపపిల్లలకు తవుడు చల్లుతూ, సముద్రం కనపడని చోట హాయిగా ఉన్నావని తలుస్తాను.

సంగతేమంటే, నీ సీమ మోటారుసైకిలును గొడ్లచావిడిలో నుంచి బయటికి లాగినాను. ఐదేండ్లు దాని మీద కోళ్ళు కాపురం చేసినవి. మద్రాసు మిలటరీ వేలంలో కొని, అక్కను వెనక కూర్చోబెట్టుకొని కన్యాకుమారి దాకా పోయివచ్చిన బండి, ఇప్పుడు సంతలో అమ్ముడుపోని ముసలి ఎద్దు మాదిరి నిలబడింది. ఉప్పుగాలికి మడ్గార్డులు జల్లెడైనవి. పిస్టను సిలిండరులో బిగుసుకుపోయింది. ప్లగ్గు విప్పి, కిరసనాయిలు పోసి పది రోజులు నానబెట్టినాను. ఈ పొద్దున వెనక చక్రం పట్టి తిప్పితే, మంచం మీద ముసలాయన ఒత్తిగిలినట్టు ఒక మూలుగు మూలిగి కదిలింది.

చైనును సొరచేప నూనెలో కాచినాను. ఇక ఉప్పుగాలి దాని జోలికి రాదు. ఊర్లో పిల్లులు మాత్రం చావిడి వదిలి పోవడం లేదు. అక్క నన్ను ఇంట్లోకి రానివ్వక అరుగు మీదే కంచం పెడుతున్నది.

ఉన్నట్టుండి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందంటావా? మొన్న అక్క ఆ బండి వెనక సీటు తుడుస్తూ కనపడింది. "ఏందక్కా?" అంటే "కోడిరెట్ట" అనింది. కోడిరెట్ట తుడవడానికి అరగంట పడుతుందా బావా? దసరాలోగా బండిని పలికిస్తాను. వచ్చి తీసుకుపో, బండినీ, వెనక సీటు మనిషినీ.

చైనుకంటే జిడ్డుగల నీ బావమరిది,
ఓబులేసు

*

కడప
2 జూలై 1963

ఓబులేసుకు ఆశీస్సులు.

బండిని పాత ఇనుముకు వేయమని వచ్చేటప్పుడే చెప్పాను. నీకు చెప్పిన మాట వినే అలవాటు ఏనాడు ఉంది గనుక.

నువ్వు మరచిపోయావేమో, నేను మరవలేదు. 1958 కార్తీకంలో, తుఫాను వస్తున్నది, తెప్పలను కడలి మీదికి పోనివ్వవద్దని మధ్యాహ్నం తంతి వచ్చింది. చేపలశాఖలో ఆ బాధ్యత నాది. రెండింటికి విడవలూరులో బయలుదేరినవాణ్ణి, ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న జాలరుల పాళేనికి నాలుగింటికి చేరాను. కాలువ లాకు దాటగానే బండి ఆగింది. చల్లారితే కదిలేది, వేడెక్కితే మళ్ళీ ఆగేది. నిప్పురవ్వ కొట్టే మాగ్నెటోకు తీగ కొత్తగా చుట్టించమని మేస్త్రీ అంతకు నెల ముందే చెప్పాడు. నేను వాయిదా వేశాను. పాళెం చేరేసరికి ఇసుక మీద తెప్పలు లేవు. పంచె విప్పి ఊపితే మూడు తిరిగి వచ్చాయి. చిన్నపోలయ్య తెప్ప అప్పటికే కనుచూపు దాటింది. అతను, అతని తమ్ముళ్ళిద్దరు తిరిగి రాలేదు. విచారణలో కూడా ఇదే రాసి ఇచ్చాను. చిన్నపోలయ్య భార్య నాగులమ్మ కచేరీ వాకిట్లో నిలబడి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను.

ఆ బండి మీద మళ్ళీ కాలు వేయలేను. ఏదో ఒకటి చేయక నీకు తోచదంటే చేసుకో. కాని మాగ్నెటో జోలికి మాత్రం పోకు. దాన్ని విప్పి సముద్రంలో పారెయ్. ఈ ఒక్క మాటైనా విను.

మీ అక్కను మోకాలికి వావిలాకు కాపడం పెట్టుకోమను.

పద్మనాభయ్య

*

విడవలూరు
20 ఆగస్టు 1963

మాగ్నెటో అంటే ఉలిక్కిపడే బావకు,

నువ్వు వద్దన్నావు కాబట్టి మాగ్నెటోను మద్రాసు పంపినాను. వద్దన్న పని చేయకపోతే నేను బావమరిదిని ఎట్లా అవుతాను?

మిగతా పని బాగా సాగుతున్నది. పెట్రోలు తొట్టిలో తుప్పు చిప్పలు చిప్పలుగా ఉంటే, రెండు దోసిళ్ళ నత్తగుల్లలూ, కిరసనాయిలూ పోసి గంటసేపు ఊపినాను. చెరుకురసం మాదిరి నీళ్ళు దిగినవి. కొత్త రింగులు వేసినాను. చక్రం చువ్వలు పదకొండు మార్చినాను.

నాగులమ్మ ఎండుచేపల గంప ఎత్తుకొని మన వీధిలోకి వచ్చింది. చావిడిలో బండిని చూసి గంప దించింది. అట్లే కూర్చుంది. నేను స్పానరు పట్టుకునే, "చేపలు ఎట్లమ్మా?" అన్నాను. "ఇది మళ్ళీ పోతాదా?" అనింది. "పోతాది" అన్నాను. "ఇప్పుడు పోతే ఏంది లేయ్యా" అని గంప ఎత్తుకొని పోయింది.

నువ్వొక్కడివే నీ బండి మోసం చేసిందని ఏడవబాకు. ఆ తుఫాను సాయంత్రమే నా మడి దగ్గర నీళ్ళు తోడే ఆయిలింజను కూడా మొరాయించింది. పొగగొట్టంలో కందిరీగలు మట్టి పెట్టి గూడు కట్టినవి. అది తెలియక హ్యాండిలు తిప్పి తిప్పి నా భుజం కీలు తప్పింది. ఆ రోజు ఇనుముకంతా ఒకేసారి పొగరు పట్టినట్టుంది.

మాగ్నెటో తిరిగి వచ్చింది. నిప్పురవ్వ నీలంగా కొడుతున్నది. మద్రాసు మేస్త్రీ దానితో ఒక చీటీ కూడా పెట్టినాడు. దాని సంగతి నింపాదిగా రాస్తాను.

భుజం వంకర, బుద్ధి వంకర,
ఓబులేసు

*

కడప
1 సెప్టెంబరు 1963

ఓబులేసుకు,

పంపవద్దని అంత కచ్చితంగా రాస్తే పంపుతావా? ఆ చీటీలో ఏముంది? ఎవరికైనా చూపించావా? తిరుగు టపాలో రాయి. వెకిలి మాటలు వద్దు.

పద్మనాభయ్య

*

విడవలూరు
9 సెప్టెంబరు 1963

బావా,

వెకిలి మాటలు వద్దన్నావు. ఈ ఉత్తరంలో వెతికినా దొరకవు.

చీటీలో ఉన్నది ఇది: "ఇందులో జబ్బేమీ లేదు. వేడిచేసి కూడా చూసినాను. పాత చుట్టే, నిక్షేపంగా ఉంది." నేను ఎవరికీ చూపించలేదు. చూపించే అవసరం లేదు. ఆ సంగతి నాకు ఐదేండ్ల ముందే తెలుసు.

పెట్రోలు తొట్టి మూతకు నడినెత్తిన సన్న రంధ్రం ఉంటుంది గదా. దానిలో నుంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. అది మూస్తే బండి ఒకటి రెండు మైళ్ళు పోయి ఊపిరాడక ఆగుతుంది. కాసేపు నిలబెడితే మళ్ళీ కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఎంత మొనగాడైనా మాగ్నెటో వేడెక్కిందనే అంటాడు.

ఆ తంతి వచ్చిన ముందురోజు కాఫీ హోటల్లో నలుగురి ముందర, "నా బండి దారిలో ఆగితే మీసం తీసేస్తా" అన్నావు. బావ మీసం మీద బావమరిదికి కాక ఇంకెవరికుంది హక్కు? మరునాడు అక్క నీకు అన్నం వడ్డిస్తుంటే నేను వాకిట్లో ఆ రంధ్రంలో మైనం కూరినాను. మిరియపు గింజంత. తంతి వచ్చిందని నాకు తెలియదు. హోటల్లో కూర్చొని, నువ్వు చెమటలు కక్కుతూ బండి తోసుకొని వస్తావని పొద్దు వాలేదాకా చూసినాను. అక్కడున్న అందరికీ నీ మీసం కథ ముందే చెప్పి నవ్వించినాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత నువ్వు మాగ్నెటో అన్నావు, విచారణలో రాసి ఇచ్చినావు. అందరూ నిన్ను అన్నారు. నేను నోరు తెరవలేదు. ఊర్లో ఇంత నోరున్నవాణ్ణి నేనే, తెరవాల్సిన చోట మూసుకున్నది కూడా నేనే. నువ్వు కడప పోయినావు. అక్క నా అరుగు మీద ఐదేండ్లుగా బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. ఈ బండి బాగుచేసి ఇస్తే నా తప్పు ఎంతో కొంత తగ్గుతుందనుకున్నాను. చైను వేస్తున్నప్పుడు కూడా అదే అనుకున్నాను, నట్టు బిగిస్తున్నప్పుడు కూడా అదే. మూత చేతికి వచ్చినప్పుడు మాత్రం దాన్ని వెలుతురుకు ఎత్తి చూసినాను. రంధ్రం శుభ్రంగా ఉంది. మైనం ఎండకు కరిగిపోయింది కాబోలు.

నీకంటే ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. నిన్న పాళేనికి నడిచిపోయి నాగులమ్మకు చెప్పినాను. వల బాగుచేస్తున్నది. తల ఎత్తకుండా అంతా వినింది.

"ఎంత మైనం?" అనింది.

వేలి కొన మీద చూపించినాను.

"అంతేనా?" అనింది. వల పక్కన పెట్టి, "ఐదేండ్లుగా ఆయప్పను తిట్టినానే. ఆయన వంశాన్ని తిట్టినానే. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడికి తీసుకపోయేది?" అనింది.

"నాకే పెట్టమ్మా" అన్నాను.

"నీకు పెట్టేదానికి నా కాడ ఓపిక యాడుందయ్యా" అని మళ్ళీ వల పట్టుకుంది.

నువ్వు తప్పు చేయలేదు బావా. రా. నన్ను కొట్టు. అక్కను తీసుకుపో. జన్మలో నా మొహం చూడవద్దు. కాని రా.

ఓబులేసు

*

కడప
25 అక్టోబరు 1963

ఓబులేసుకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజుకొకసారి చదివాను. జవాబు రాయకుండా ఉండవచ్చునా అని కూడా ఆలోచించాను.

మైనం కరిగిపోలేదు. టూలు పెట్టె అడుగున తోలుముక్క కింద చూడు, కాగితంలో చుట్టి ఉంటుంది. నీకు చూపించి నలుగురిలో సిగ్గు తీద్దామని దాచాను.

లాకు దాటగానే బండి ఆగింది నిజం. దిగి మూత తిప్పాను. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వినగానే ఇది ఎవరి పనో అర్థమైంది. గుండుసూదితో గీకి తీశాను. ఇదంతా రెండు నిమిషాలు. ఆ తర్వాత బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగింది నేను. రోడ్డు పక్కనే నీ మడి, నీ ఆయిలింజను. సాయంత్రం నువ్వు నీళ్ళు పెట్టడానికి వస్తావని తెలుసు. కాలువ గట్టు బంకమట్టి రెండు గుప్పిళ్ళు తీసి పొగగొట్టంలో కూరాను. కందిరీగలు కాదురా. నేను. కూరి వెళ్ళిపోయి ఉంటే సరిపోయేది. నువ్వు హ్యాండిలు తిప్పి తిప్పి చచ్చే ముచ్చట చూడాలనిపించింది. బండిని గడ్డివాము చాటుకు తోసి, వాము వెనక కూర్చున్నాను. ఆకాశం తేటగా ఉంది. ఆకు కదలడం లేదు. ఆ నెలలో అంతకుముందు మూడు తంతులు వచ్చి మూడూ ఊరికే పోయాయి. ఇదీ అంతేనని తంతిని జేబులోనే ఉంచుకొని, నోటికి కండువా అడ్డం పెట్టుకొని నవ్వుకుంటూ గంటకు పైగా నీ దారి చూశాను. నువ్వు హోటల్లో నా కోసం. నేను వాము వెనక నీ కోసం. తూర్పున గాలి తిరిగినప్పుడు లేచాను.

విచారణలో మాగ్నెటో అని రాశాను. నీ మైనం అని రాస్తే నా మట్టి కూడా చెప్పవలసి వచ్చేది. ఇనుముకు నోరు లేదు, అందుకని దాని మీద పెట్టాను. నువ్వెక్కడ నోరు జారుతావోనని ఐదేండ్లు భయపడ్డాను. నువ్వు బాధపడుతున్నావని ఒక్కనాడూ తోచలేదు. నవ్వుతూ రాసేవాడివి గదా.

నాగులమ్మతో చెప్పు, తిట్లు చేరవలసిన చోటికే చేరాయని, వెనక్కి తీసుకోవద్దని. మీ అక్కకు మాత్రం ఏమీ చెప్పకు. నేను రాలేను.

పద్మనాభయ్య

*

విడవలూరు
12 నవంబరు 1963

పద్మనాభయ్య గారికి,

కాగితం దొరికింది. మైనం మీద నా గోటి గుర్తు ఇంకా ఉంది. ఇన్నేండ్ల మన వేళాకోళాల్లో నేను ఓడిపోయింది ఈ ఒక్కసారే. కందిరీగలని నమ్మి, మరునాడు చావిడి చుట్టూ ఉన్న గూళ్ళన్నీ కాల్చినాను కూడా. వేరే సంగతైతే ఊరంతా చెప్పి నవ్వించి ఉండేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం తంతి వచ్చింది. మీ కుర్చీలో ఉన్న కొత్తాయనకు సైకిలు తప్ప ఏమీ లేదు. కాగితం పట్టుకొని వీధిలో నిలబడి ఉన్నాడు. నేను తంతి ఆయన చేతిలో నుంచి తీసుకొని బండి బయటికి తెచ్చినాను. రెండో తన్నుకే పలికింది. ఆ చప్పుడుకు అక్క వంటింట్లో నుంచి మోకాలి నొప్పి మరిచి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. బండి మీద నన్ను చూసింది. కొంగుతో చేయి తుడుచుకొని లోపలికి పోయింది.

లాకు దగ్గర ఆగలేదు. మడి దగ్గర ఆగలేదు. గడ్డివాము వైపు చూడలేదు. పాళెం చేరేసరికి తెప్పలన్నీ ఇసుక మీదే ఉన్నవి, మనుషులు తెడ్లు సర్దుకుంటున్నారు. తంతి చదివినాను. గొణుక్కుంటూ తెప్పలు పైకి లాగినారు. రాత్రి గాలి మామూలుగానే వీచింది, ఏమీ కాలేదు. ఒక రోజు కూడు పోయిందని ఈ పొద్దున నన్ను తిట్టుకొని ఉంటారు. తిట్టుకోనీ.

నాగులమ్మ బండి దగ్గరికి వచ్చింది. చీపురు ఈనె ఒకటి విరిచి, తొట్టి మూత రంధ్రంలో గుచ్చి చూసింది. తర్వాత అడిగింది.

"ఎంతసేపు పట్టిందయ్యా?"

"అరగంట" అన్నాను.

"అరగంటేనా?" అని ఇసుకలో కూర్చుండిపోయింది. ఇంజను చల్లారేదాకా లేవలేదు.

ఆ రోజు మీరు రెండింటికి బయలుదేరి నాలుగింటికి వచ్చినారని ఆమెకు గుర్తే. మిగతా గంటన్నర అంతా నా మైనానిదే అనుకుంటున్నది. నేను కాదనలేదు, అవుననలేదు. మీ ఉత్తరం ఆమెకూ చదవలేదు, అక్కకూ చదవలేదు. నా రెండు నిమిషాలు నేను నడిచిపోయి చెప్పుకున్నాను. మీ గంటన్నర మీరు వచ్చి చెప్పండి.

మీరు రైలు దిగే స్టేషనుకు బండి తెచ్చి నిలబెడతాను. నేను పక్కన ఉండను. మూత విప్పి చూసుకొని ఎక్కండి.

వెంకటశేషమ్మ తమ్ముడు,
ఓబులేసు