మధులతకు మేడగది, బావకు పడకకుర్చీ

విశాఖపట్నం మల్కాపురంలో కాపురముంటున్న, కీర్తిశేషులు పైల సింహాద్రి కుమారుడు పైల గురునాథరావు అను నేను, అరవై ఎనిమిదో ఏట, నా బుద్ధి నా అదుపులో ఉండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పించకుండా, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి సరిగానే ఉందని డాక్టరుగారు ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతచేశాను. పోర్టు కలాసీ కొడుకునై ఉండి ఎమ్మే ఫిలాసఫీలో చేరిన నాటినుంచీ ఆ విషయంలో మావాళ్ళకు అనుమానం ఉంది.

1. గొంతులో గడ్డ కేన్సరేమోనన్న భయంతో నిరుడు వేసవిలో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. గడ్డ మామూలుదని తేలింది, తీసేశారు. అందులో ఇల్లంతా నా మేనకోడలు మధులతకు రాసి, ఆమెను ఎవరూ వెళ్ళగొట్టరాదని పదేపదే రాశాను. నేను పోతే ఆ పిల్లకు నిలువ నీడ ఉండదని అప్పటి నా బెంగ. ఇప్పుడా బెంగ తీరింది. ఎలా తీరిందో కూడా ఇక్కడే రాస్తున్నాను. రేపెవరూ ముసలాయన మాట మార్చాడని అనుకోకూడదు.

2. ఇంటి మేడగది, దానిముందు డాబా, గదిలోని నా పుస్తకాలన్నీ మధులతకు సర్వహక్కులతో చెందవలెను.

మధులత నా చెల్లెలు గౌరీశ్వరి కూతురు. తండ్రి కోరాడ నీలకంఠం స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు, కూర్మన్నపాలెంలో ఉంటాడు. ఇంజనీరింగు మధ్యలో మానేసి సోషాలజీ కోసం బీఏలో చేరతానని పిల్ల అన్నప్పుడు, "మనుషుల్ని సదవడానికి కాలేజీ ఎందుకే? బస్సెక్కితే సాలు! అదే సదువుతానంటే నా గుమ్మం తొక్కకు" అన్నాడు. ఆమె బట్టల సంచీతో నా ఇంటికి వచ్చింది. మేడగదిలో ఉండి బీఏ, ఆపైన ఎమ్మే సోషాలజీ చదివింది. అన్నేళ్ళూ తండ్రి పలకరించలేదు. గౌరీశ్వరి మాత్రం కూరగాయల వంకతో వచ్చి కూతుర్ని చూసి వెళ్ళేది.

చదువయ్యాక చాన్నాళ్ళు ఉద్యోగం దొరకలేదు. ఒకరోజు ఇంటర్వ్యూ నుంచి వచ్చి మెట్లమీదే కూలబడి, "మావయ్యా, నాన్న మాటే నిజమైపోద్దేటి?" అని అడిగింది. నేను టీ పెట్టి ఇచ్చాను.

చివరకు రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను తీసుకుంది. వేటకు వెళ్ళే పడవలకు గాలివాన హెచ్చరికలు పంపే యాప్ వాళ్ళది. యాప్ ఉంది, చూసేవాళ్ళు లేరు. ఎందుకో కనుక్కోమని మధులతను పంపారు. ఆమె హార్బరులో చేపల వేలం దగ్గర కూర్చుని, వారాల తరబడి ఆడవాళ్ళతో మాట్లాడింది. "వేట హడావుడిలో మా ఆయన ఫోను సూడడమ్మా. నాను సెప్తే ఇంటాడు. అయినా ఆ అచ్చరాలు ఎవులు సదువుతారు? మాట సెప్పించు" అందట ఒకామె. మధులత వెళ్ళి కంపెనీవాళ్ళతో వాదించింది. హెచ్చరిక ఆడవాళ్ళ ఫోన్లకు, మనిషి గొంతుతో, మన యాసలో వెళ్ళేలా మార్పించింది. ఆ గొంతు కూడా తనదే. మొన్న శీతాకాలంలో సముద్రం ఒక్కసారిగా లేచింది. అంతకుముందే ఆ మాట విని ఉన్న ఆడవాళ్ళు పడవల్ని కదలనివ్వలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

కూర్మన్నపాలెం జంక్షన్లో టీ తాగుతుంటే ఎవరో నీలకంఠంతో, "ఫోన్లో గాలివాన సెప్పే పిల్ల మీ పిల్లేనంట గదా బావా!" అన్నారట. ఆ సాయంత్రమే అతను నా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా, "మధు ఉందేటి?" అన్నాడు. ఆమె మేడ దిగి వచ్చింది. "ఇంటికి రాయే. మీయమ్మ సేపల పులుసు ఒండింది" అన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. నేను తలుపు వేసుకుని కూర్చుని ఏడ్చాను. అది దుఃఖం కాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

3. ఇల్లంతా తీసుకొమ్మంటే మధులతే వద్దంది. "నాకు మేడగది సాలు మావయ్యా. కింద ఇల్లు నాలాంటోళ్ళకి ఉంచు" అంది. కాబట్టి కిందిభాగం చరిత్ర, తత్వం, సమాజశాస్త్రం, భాషలు చదువుకుంటూ ఇంట్లో ఒప్పుకోనందున చోటు లేనివారి కోసం, అద్దె లేకుండా ఉంచవలెను. ఫస్టు క్లాసు రావాలన్న నిబంధన పెట్టరాదు. చదువు కాగానే ఉద్యోగం వస్తుందని వాళ్ళకెవరూ అబద్ధం చెప్పరాదు. నా క్లాసులో ఒకడు తహసీల్దారయ్యాడు, ఒకామె లెక్చరరైంది, ఇంకొకడు లాడ్జి నడిపాడు. నేను సరుకు క్లియరింగు ఆఫీసులో గుమాస్తాగా చాలాకాలం చేశాకే, నావికుల బాగోగులు చూసే ఒక చిన్న సంస్థలో కుదురుకున్నాను. ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో తలదాచుకోవడానికే ఈ ఇల్లు.

4. వంటింట్లోని పెద్ద ఇనుప పెనం లాంచీ నడిపే నా స్నేహితుడు కరీం బాషాకు ఇవ్వవలెను. దాని సంగతి అతనికి తెలుసు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. పదేళ్ళ కిందట ఒక విదేశీ ఓడను యజమాని వదిలేసి చేతులు దులుపుకున్నాడు. ఓడ రేవు బయట లంగరు మీద ఉండిపోయింది. అందులోని పనివాళ్ళకు జీతాల్లేవు, దిగడానికి లేదు. ఓడ వంటమనిషి పొయ్యి వెలిగించడం మానేసి, తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా సంస్థ తరఫున నన్ను కరీం బాషా లాంచీలో తీసుకెళ్ళాడు. వెళ్ళినవాళ్ళందరూ అతనికి ధైర్యం చెప్పారు. నేను చెప్పలేదు. ప్రశ్న దొరక్కుండా జవాబు చెప్పకూడదన్నదొక్కటే నా చదువులో నాకు నిలిచింది. పక్కన కూర్చుని, ఎవరి గురించి ఆలోచిస్తున్నావని మాత్రం అడిగాను. వచ్చీరాని ఇంగ్లీషులో, కావాలనే తమను వదిలేశానని కూతురు అనుకుంటోందేమో అన్నాడు. కరీం బాషా తన ఫోనిచ్చాడు. సిగ్నలు కోసం ముగ్గురం డెక్కంతా తిరిగాం. కూతురు పలికింది. ఆ పూట ఆ ఓడలో మళ్ళీ పొయ్యి వెలిగింది. కోర్టు ఉత్తర్వుతో అందరూ ఇళ్ళకు వెళ్ళేరోజున అతను ఈ పెనం నా చేతిలో పెట్టాడు. దానిమీద అట్టు అంటుకోదు.

5. నా భార్య కీర్తిశేషురాలు కుసుమకుమారి కుట్టుమిషను, ఆమె పట్టుచీరలు గౌరీశ్వరికి చెందవలెను. మొగుడితో గొడవ పడకుండానే కూతుర్ని వదులుకోకుండా ఉన్న మనిషి ఆమె. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

6. వీధి అరుగుమీది పడకకుర్చీ కోరాడ నీలకంఠానికి ఇవ్వవలెను. తన పెళ్ళైన కొత్తలో అందులో జారబడి, "తత్వం సదివి ఏటి సేత్తావు బావా? ఓడలకి బోధ సేత్తావా?" అని అందరిముందూ నవ్వాడు. ఇన్నేళ్ళూ ఆ మాట మనసులో పెట్టుకున్నాను. అతను నా గుమ్మంలోకి వచ్చి కూతుర్ని పిలిచిన సాయంత్రం చూసుకుంటే ఆ కోపం లేదు. కుర్చీ గుడ్డ మాత్రం చిరిగింది, అతనే వేయించుకోవలెను.

7. నాకు సంతాపసభ పెట్టరాదు. పెట్టితీరాలని ఎవరైనా పట్టుబడితే, ఉపన్యాసాలు లేకుండా అందరికీ భోజనం పెట్టవలెను.

8. పై నిబంధనలు నా తదనంతరం అమలులోకి వచ్చును. దీనికి ఏ తొందరా లేదు. వచ్చే ఆదివారం గాలివాన హెచ్చరికకు గొంతు రికార్డు చేయడానికి మధులత నన్ను కూడా రమ్మంది. మగవాళ్ళ ఫోన్లకు ముసలి గొంతైతే వింటారేమో చూద్దామంటోంది. డాక్టరుగారు మాట్లాడవచ్చన్నారు.

విశాఖపట్నం,
12 మార్చి 2025, బుధవారం.

(సంతకం) పైల గురునాథరావు

సాక్షులు: పై వ్యక్తి మా ఎదుట చదివి, సంతకం చేశారు. చేసేటప్పుడు నవ్వుతూనే ఉన్నారు.

1. (సంతకం) శ్రీరామ్మూర్తి, పక్కింటివారు
2. (సంతకం) చంద్రిక, మందుల షాపు, మల్కాపురం