రూప వద్దన్న తిండి

వజ్రపుకొత్తూరు

ప్రియమైన మావకి,

ఫోనులో చెబుదామంటే రూప నా ఒళ్లోనే కూర్చుని వింటుంది. అందుకే వెరావల్ అడ్రసుకి ఈ ఉత్తరం.

పిల్ల తిండి మానేస్తోంది. నువ్వు చేపల వేటకి గుజరాత్ అంత దూరం వెళ్లేనాటికి అరటిపండు ఒక్కటే వద్దనేది. తర్వాత కొబ్బరినీళ్లు, పప్పు, టమాటా. ఇప్పుడు ఎండుచేప వాసన తగిలితే వాకిట్లోకి పోతుంది. వట్టి అన్నం, అదీ నాలుగు ముద్దలు. ఆరేళ్ల పిల్లకి గౌను భుజాల మీంచి జారిపోతోంది. బతిమాలాను, కొట్టాను కూడా. నోరు బిగించేస్తుంది.

మీ నాన్నకి కిడ్నీ జబ్బు బయటపడక ముందూ ఇంతే. "నాకేటీ సయించట్లేదే" అనేవాడు. ఆయన పోయి ఏడాది తిరగలేదు. పిల్ల నిద్రపోయాక పాదాలు నొక్కి చూస్తున్నాను, వాపు ఉందేమోనని. అత్తకి చెప్పలేదు.

నీ భాగ్యశ్రీ

వెరావల్

నా భాగ్యానికి,

నీ ఉత్తరం బోటులో కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. ఆ జబ్బు పెద్దవాళ్లకే వస్తుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నమ్మకం కుదరట్లేదు.

రేపు మళ్లీ సముద్రంలోకి పోతున్నాం. ఒడ్డుకొచ్చేదాకా ఫోను అందదు, నాకోసం ఆగకు. టెక్కలి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించు. అమ్మకి చెప్పి తోడు తీసుకెళ్లు. రిపోర్టులో ఏమున్నా ఉన్నదున్నట్టు రాయి. పిల్లని కొట్టకు.

కామేశ్

వజ్రపుకొత్తూరు

మావా, ముందు ఈ మాట చదువు. పిల్లకి ఏ జబ్బూ లేదు.

టెక్కలిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, కిడ్నీలు బాగున్నాయంది. తర్వాత రూపని దగ్గరికి తీసుకుని, "అరటిపండు ఎందుకు వద్దమ్మా?" అని అడిగింది.

"తింటే సచ్చిపోతాం. తాతకి మామ్మ సెప్పింది" అంది పిల్ల.

అత్త పిల్లని ఒళ్లోకి లాక్కుంది. డయాలసిస్ రోజుల్లో ఆవిడ మీ నాన్న చేతిలోంచి పండు లాక్కుని "ఇది తింటే సస్తావు" అనేది కదా. పప్పుకీ, కొబ్బరినీళ్లకీ, ఎండుచేపకీ అదే మాట. రూప అన్నీ వింది. తాత ఒకనాడు దొంగచాటుగా పండు తినడం కూడా చూసిందట. కొన్నాళ్లకే ఆయన పోయాడు.

"నాను ఎవలికీ సెప్పనేదు" అని అప్పుడు ఏడ్చింది, మావా. ఇన్నాళ్లూ ఆ మాట లోపలే పెట్టుకుంది.

ఇంటికొచ్చాక అత్త ఒక పండు ఒలిచి రూప ఎదురుగా తింది. "తాత జబ్బుకి ఇది పడదమ్మా. నీకూ నాకూ ఏటీ అవదు, సూడు" అంది. రూప పండు ముట్టలేదు. ఆ పూటంతా మామ్మ కొంగు వదల్లేదు. తెల్లారి లేస్తూనే ఆవిడ గుండె మీద చెవి పెట్టింది. అత్త కదలకుండా పడుకుని విననిచ్చింది.

అప్పుడు తింది, సగం పండు. మిగతా సగం నా చేతిలో పెట్టి, "నువ్వు ఇప్పుడు తినకు. రేపు తిను" అంది.

నీ రాక కోసం చూస్తూ,
భాగ్యశ్రీ